రేపు డ్యూటీ ఉంది మామా, ఒక్క మ్యాచే!

బీజీఎంఐ ఆడే ఏ స్క్వాడ్ వాట్సాప్ గ్రూపైనా తెరిచి, ఒక వారం మెసేజులు పైనుంచి కిందికి చదవండి. ఆట గురించిన మాటలు అనుకున్నన్ని ఉండవు. "పదింటికి లాబీలో ఉంటా" అన్న మెసేజు కింద, ఓనరు అద్దె పెంచాడన్న మొర కనిపిస్తుంది. దాని కింద పాపకు జ్వరం తగ్గిందా అన్న పరామర్శ. ఒకరు కొత్త బండి ఫొటో పెడతారు, ఇంకొకరు ఈ నెల జీతం ఇంకా పడలేదంటారు. మధ్యలో "చికెన్ డిన్నర్" అని మ్యాచ్ గెలిచిన ఒక్క స్క్రీన్‌షాట్. ఆ వెంటనే బిర్యానీ ఎక్కడ బాగుంటుందన్న వాదన మొదలై అర్ధరాత్రి దాకా నడుస్తుంది.

ఉద్యోగంలో పడ్డాక స్నేహం నిలబెట్టుకోవడం కష్టం. ఊరు మారుతుంది, షిఫ్టు మారుతుంది, పెళ్లవుతుంది, పిల్లలు పుడతారు. పాత రూమ్మేటుకు ఫోన్ చేసి "ఏం లేదురా, ఊరికే చేశా" అనడానికి కూడా మొహమాటపడే రోజులొస్తాయి. ఆట ఆ మొహమాటాన్ని తీసేస్తుంది. కలవడానికి కారణం వెతుక్కోనక్కర్లేదు. చేతులు ఆటలో ఉంటాయి కాబట్టి మనసులో మాట తేలిగ్గా బయటికొస్తుంది. ఎదురుగా కూర్చుని చెప్పలేని సంగతిని లూట్ ఏరుకుంటూ చెప్పేస్తారు. అందుకే "ఉద్యోగం వచ్చిందిగా, ఇక ఆటలు కట్టిపెట్టు" అనే సలహా నేను ఎవరికీ ఇవ్వను. గ్రూపు ఉండాలి, ఉద్యోగమూ నిలవాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డం రాకుండా చూసుకోవడం మన చేతుల్లో పనే.

ఆట కన్నా గ్రూపు విలువైనదని 2020 సెప్టెంబరు 2న చాలామందికి తెలిసొచ్చింది. ఆ రోజు కేంద్ర ప్రభుత్వం పబ్‌జీ మొబైల్‌ను నిషేధించింది. 2021 జులైలో అదే ఆట బీజీఎంఐ పేరుతో వచ్చింది, 2022 జులైలో స్టోర్లలోంచి మాయమైంది, 2023 మేలో మళ్లీ తిరిగొచ్చింది. ఒకరినొకరు గేమ్ ఐడీతో మాత్రమే ఎరిగున్నవాళ్లు ఈ రాకపోకల్లో ఎక్కడివాళ్లక్కడ చెదిరిపోయారు. పక్కన ఒక వాట్సాప్ గ్రూపో డిస్కార్డ్ సర్వరో పెట్టుకున్నవాళ్లు కాల్ ఆఫ్ డ్యూటీకో లూడోకో మారి కబుర్లు కొనసాగించారు. కాబట్టి రోజూ కలిసి ఆడే నలుగురితో, ఆట బయట మాట్లాడుకునే చోటు ఒకటి ముందే ఉంచుకోండి. ఆటలు వస్తాయి, పోతాయి.

ఒక్క మ్యాచ్ అంటే ఎంతసేపు?

ఉద్యోగం చేసేవాళ్లను దెబ్బతీసేది మొదటి మ్యాచ్ కాదు, ఆఖరి మ్యాచ్. బీజీఎంఐలో ఎరాంగెల్ మ్యాప్ చివరి జోన్ దాకా ఆడితే అరగంట పడుతుంది. లివిక్ పావుగంటలో అటూ ఇటూగా ముగుస్తుంది. టీమ్ డెత్‌మ్యాచ్ పది నిమిషాల్లోపే తేలిపోతుంది. పన్నెండింటికి పడుకోవాల్సిన మనిషి పదకొండూ నలభైకి ఎరాంగెల్‌లో దిగితే తన నిద్రన్నా చెడుతుంది, మధ్యలో వదిలేసి మిగతా ముగ్గురి ఆటన్నా చెడుతుంది. మిగిలిన టైం చూసుకుని మోడ్ ఎంచుకుంటే ఈ గొడవే ఉండదు. అరగంట కన్నా తక్కువ ఉంటే ఎరాంగెల్ మాట ఎత్తకండి.

వెళ్లిపోయే టైం లాబీలో అడుగుపెట్టగానే చెప్పండి. "పదకొండున్నరకు దిగిపోతా, రేపు రిలీజ్ ఉంది" అని మొదట్లోనే అంటే మిగతావాళ్లు దానికి తగ్గట్టు సర్దుకుంటారు, టైం కాగానే వాళ్లే గుర్తుచేస్తారు. అదే మాట రెండు మ్యాచ్‌లు ఓడిపోయాక చెబితే అలిగి వెళ్తున్నట్టుంటుంది. అప్పుడు బతిమాలడాలు మొదలవుతాయి, కాదనలేక మనమూ ఆగిపోతాం. ఆ దశలో మాటలు ఎలా నడుస్తాయో ఆడేవాళ్లందరికీ తెలిసిందే.

"ఇంకొకటి వేద్దాం మామా, పది ప్లస్‌లు వస్తే ర్యాంక్ మారిపోద్ది."

"నాకు రేపు 'ఏ' షిఫ్ట్ రా, పొద్దున ఐదింటికి బస్సు."

"లివిక్ రా, పావుగంటే."

"మీరు ఆడండి. పది నిమిషాలు మాట్లాడి పడుకుంటా."

ఆ చివరి మాట అలవాటు చేసుకోదగ్గది. చివరి జోన్‌లో ముగ్గురు మిగిలి, గుండె దడదడలాడుతూ ముగిసిన మ్యాచ్ తర్వాత వెంటనే పడుకుంటే నిద్ర పట్టదు. అలసట కళ్లలో ఉన్నా బుర్ర మాత్రం ఇంకా గడ్డిలో పాకుతూనే ఉంటుంది. కూర్చున్న టైంలో ఆఖరి పావుగంట ఆట ఆపేసి ఉత్త కబుర్లకు వదిలేయండి. స్క్రీన్ పక్కన పెట్టి, ఇయర్‌ఫోన్‌లో మాటలు వింటూ రేపటి బట్టలు తీసిపెట్టుకోవచ్చు, టిఫిన్ బాక్సు కడుక్కోవచ్చు. గ్రూపులో మంచి మాటలన్నీ ఆ పావుగంటలోనే నడుస్తాయి.

షిఫ్టుల్లో యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు ఇంకాస్త గట్టిగా ఉండాలి. పరవాడలోనో పాశమైలారంలోనో రియాక్టర్ చూసే ఆపరేటరుకు, ప్రెస్ మెషీన్ మీద చెయ్యి పెట్టే మనిషికి, రాత్రంతా క్యాబ్ నడిపే డ్రైవరుకు నిద్రలేమి అంటే ఆవులింతలతో పోయేది కాదు. వేలు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. పొద్దున్నే మొదలయ్యే 'ఏ' షిఫ్టుకు ముందు రాత్రి ఆట పూర్తిగా మానేసి మెసేజులతో సరిపెట్టుకోండి. ఆ సంగతి గ్రూపులో అందరికీ తెలిసేలా చెప్పండి. "వీడికి రేపు 'ఏ' షిఫ్ట్, పిలవకండి" అని మిగతావాళ్లే అనుకునే గ్రూపు దొరికితే దాన్ని వదులుకోకండి.

వారం వారం షిఫ్టు మారేవాళ్లకు, అందరూ ఒకేసారి ఆన్‌లైన్‌లో ఉండాల్సిన ఆట పొసగదు. క్లాష్ ఆఫ్ క్లాన్స్ లాంటివి వాళ్లకు నయం. అందులో ఒక క్లాన్‌లో 50 మంది దాకా ఉండొచ్చు. వార్ మొదలైతే సన్నాహానికి దాదాపు ఒక రోజు, యుద్ధానికి ఇంకో రోజు. తలా రెండు దాడులు, ఒక్కో దాడికి మూడే నిమిషాలు. నైట్ షిఫ్ట్ టీ బ్రేక్‌లో ఒకటి, ఇంటికొచ్చాక ఒకటి కొట్టి, చాట్‌లో రెండు మాటలు రాసి పోవచ్చు. 2012లో వచ్చిన ఈ ఆటలో ఏళ్లుగా ఒకే క్లాన్‌లో కొనసాగుతూ, ఒకరి ముఖం ఒకరు చూడకుండానే పిల్లల చదువుల గురించి మాట్లాడుకునేవాళ్లున్నారు.

అమెరికాలో ఉన్న స్నేహితులతో ఆడేవాళ్లు గడియారం చూసి మరీ మాటివ్వాలి. వేసవిలో డాలస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా. వాళ్లకు శుక్రవారం రాత్రి తొమ్మిదంటే మనకు శనివారం పొద్దున ఏడున్నర. వారానికి ఆ ఒక్క పూట చాలు. ఆఫీసున్న రోజుల్లో వాళ్ల కోసం మనం తెల్లవార్లూ మేలుకోవడం, మన కోసం వాళ్లు మీటింగులు తప్పించుకోవడం ఎవరికీ మంచిది కాదు. ఎవరితో ఆడినా, ఆట ముగించే టైం ఇంట్లోవాళ్లకూ చెప్పండి. "పదకొండుకల్లా అయిపోతుంది" అని చెప్పి పదకొండుకే లేచే మనిషిని రెండోసారి ఎవరూ నిలదీయరు.

ఆఫీసు సంగతులు ఎంతవరకు?

ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి. ఉద్యోగాలు పోయేది, కేసులు పడేది ఇక్కడే. పైగా ఇందులో ఇరుక్కునేవాళ్లు చెడ్డవాళ్లేం కారు. వాదనలో నెగ్గాలనో, స్నేహితుల ముందు గొప్పగా కనిపించాలనో నోరు జారినవాళ్లు.

వార్ థండర్ అని యుద్ధ ట్యాంకుల ఆట ఒకటుంది. 2021 జులైలో దాని ఆటగాళ్ల మధ్య బ్రిటన్ సైన్యం వాడే చాలెంజర్ 2 ట్యాంకు గురించి వాదన వచ్చింది. ఆటలో దాన్ని తప్పుగా చూపించారని, తాను ఆ ట్యాంకు కమాండరునని చెప్పుకున్న వ్యక్తి రుజువు కోసం సైనిక మాన్యువల్ పేజీలే తెచ్చి పెట్టాడు. ఆట నడిపేవాళ్లు వాటిని తీసేయాల్సి వచ్చింది. కొన్ని నెలలు తిరక్కుండానే ఫ్రాన్స్ లెక్లెర్క్ ట్యాంకు విషయంలోనూ అలాంటిదే జరిగింది. బొమ్మ ట్యాంకు గురించిన వాదనలో నెగ్గడానికి అసలు ట్యాంకు రహస్యం బయటపెట్టారు.

అంతకన్నా పెద్ద కథ జాక్ టెషేరాది. అమెరికాలోని మసాచుసెట్స్ ఎయిర్ నేషనల్ గార్డ్‌లో కంప్యూటర్ వ్యవస్థలు చూసే 21 ఏళ్ల కుర్రాడు. కరోనా రోజుల్లో ఆటలు, తుపాకుల కబుర్లతో దగ్గరైన చిన్న డిస్కార్డ్ గ్రూపు అతనిది. ఆ గ్రూపులో రక్షణ శాఖ రహస్య పత్రాలు పెట్టడం మొదలుపెట్టాడు. అవి గ్రూపు దాటాయి, ప్రపంచమంతా తిరిగాయి. 2023 ఏప్రిల్‌లో అరెస్టయ్యాడు, 2024 నవంబరులో 15 ఏళ్ల జైలుశిక్ష పడింది. గ్రూపు చిన్నదే, అందరూ తెలిసినవాళ్లే. అయినా ఆ పత్రాలు దాని గడప దాటకుండా ఆపలేకపోయింది.

2025 అక్టోబరు చివర్లో గ్రాండ్ థెఫ్ట్ ఆటో తయారుచేసే రాక్‌స్టార్ సంస్థ బ్రిటన్, కెనడాల్లో 30 మందికి పైగా ఉద్యోగులను తీసేసింది. కంపెనీ రహస్యాలను బయటి వేదికలో చర్చించారన్నది సంస్థ వాదన. అది యూనియన్ పెట్టుకోవడానికి ఉద్యోగులు వాడుకున్న డిస్కార్డ్ గ్రూపు అనీ, యూనియన్‌ను దెబ్బతీయడానికే ఈ పని చేశారనీ యూనియన్ ఆరోపణ. ఎవరిది న్యాయమన్న చర్చ అలా ఉంచితే, మనం గమనించాల్సింది ఒకటుంది. మనం ఇది మా సొంత గ్రూపు అనుకున్నంత మాత్రాన యాజమాన్యం అలా అనుకోదు.

మన దగ్గర ట్యాంకుల మాన్యువళ్లు లేకపోవచ్చు. కానీ ఫలానా బ్యాంకు పేమెంట్లు రాత్రి మూడు గంటలు ఆగిపోయాయని దాని సాఫ్ట్‌వేర్ చూసే టెస్టరుకు తెలుసు. ఎవరు ఏ పరీక్ష చేయించుకున్నారో ల్యాబ్ టెక్నీషియనుకు తెలుసు. ఎవరి ఖాతాలో ఎంతుందో బ్యాంకు ఉద్యోగికి, తనిఖీలో ఏ లోపం దొరికిందో ఫార్మా కెమిస్టుకు, టెండరు ఎవరికి వస్తుందో ఆఫీసు క్లర్కుకు తెలుసు. "మన ఊరి పెద్దాయన మా దగ్గరికి టెస్టులకొచ్చాడు రోయ్" అని నవ్వుతూ అన్న ఒక్క మాట పొద్దుటికి ఆ ఊరు చేరుతుంది.

ఎంతవరకు చెప్పొచ్చో తేల్చుకోవడానికి నేను నమ్మే కొలత ఒకటుంది. మీకు జరిగింది చెప్పండి, కంపెనీకి చెందింది చెప్పకండి. "ఈ వారం నలిగిపోయా రా, రోజూ తొమ్మిదింటికి బయటపడుతున్నా" అనండి, నిరభ్యంతరంగా అనండి. స్నేహితులకు తెలియాల్సింది మీ అలసట. క్లయింటు పేరు, సర్వర్ పేరు, ఎర్రర్ స్క్రీన్, మెయిల్‌లో పైవాళ్లు రాసిన వాక్యం వాళ్లకు అక్కర్లేదు. పంపబోయే మెసేజులో ఇంకొకరి పేరుగానీ అంకెగానీ ఉంటే ఆపి మళ్లీ చదవండి. తర్వాత డిలీట్ చేయొచ్చులే అనుకోకండి, ఈలోపు ఎవరో ఒకరు స్క్రీన్‌షాట్ తీసే ఉంటారు.

ఫొటోలతో ఇంకా జాగ్రత్త. కొత్త సీటు, కొత్త మానిటరు ఫొటో పెట్టాలని అందరికీ ఉంటుంది. వెనక వైట్‌బోర్డు మీద ఏం రాసుందో, పక్క సీటు స్క్రీన్ మీద ఏం తెరిచుందో పెద్దది చేసి చూసుకోండి. కొత్త ఉద్యోగం ఆనందంలో ఐడీ కార్డు ఫొటో పెట్టేవాళ్లు చాలామంది. దాని మీద ఉద్యోగి నంబరు ఉంటుంది, బార్‌కోడ్ ఉంటుంది. దానికి బదులు ఆఫీసు బయట టీ కొట్టు దగ్గర దిగిన ఫొటో పెట్టండి.

మేనేజరు మీద కోపం వస్తే గ్రూపులో పేరు పెట్టి తిట్టకండి. బాధ తీరేలా చెప్పుకోవాలంటే ఒక్క స్నేహితుడికి ఫోన్ చేసి చెప్పుకోండి. అసలు అన్యాయమే జరుగుతుంటే, అంటే జీతం ఆపడమో, ఓటీ ఎగ్గొట్టడమో, వేధింపో అయితే, దాన్ని గేమ్ చాట్‌లో కరిగించేయకండి. తేదీ, టైం, ఏం జరిగింది, ఎవరు చూశారు అన్నవి మీ సొంత నోటుపుస్తకంలో రాసిపెట్టుకోండి. హెచ్‌ఆర్‌కు మెయిల్ రాయండి. వినకపోతే కార్మిక శాఖ కార్యాలయం ఉంది, యూనియన్ ఉంది. చాట్‌లో వంద మెసేజులు పెట్టినా కాని పని అక్కడ ఒక్క తేదీతో అవుతుంది.

గ్రూపులోకి టీమ్‌లీడో సహోద్యోగో చేరితే అది వేరే గ్రూపయినట్టే లెక్క. పాతవాళ్లతో ఉన్న గ్రూపు అలాగే ఉంచుకుని, ఆఫీసువాళ్లతో ఆడడానికి ఇంకోటి పెట్టుకోవడం మర్యాదైన దారి. జ్వరమని సెలవు పెట్టి ర్యాంక్ పుష్ చేయకండి. ఆడుకోవడానికే సెలవు కావాలంటే సొంత పని అని క్యాజువల్ లీవ్ పెట్టండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ల్యాప్‌టాప్, మైకు

ఆఫీసు ల్యాప్‌టాప్‌లో ఆట వద్దు, డిస్కార్డ్ వద్దు, వాట్సాప్ వెబ్ కూడా వద్దు. ఆ మిషన్ మీద ఏం నడుస్తోందో ఐటీవాళ్లకు కనిపిస్తుంది. అంతకన్నా ముఖ్యం, ఆటగాళ్ల మధ్య తిరిగే ఒక మోసం ఉంది. తెలిసిన స్నేహితుడి ఖాతా నుంచే మెసేజు వస్తుంది: "నేనో చిన్న గేమ్ చేశా, కాస్త ఆడి చూసి చెప్పవా." ఫైలు తెరిస్తే మీ లాగిన్లు పోతాయి. ఆ తర్వాత అదే మెసేజు మీ పేరుతో మీ స్నేహితులకు వెళ్తుంది. అది ఆఫీసు మిషన్ మీద తెరిస్తే పోయేది మీ గేమ్ ఖాతా ఒక్కటే కాదు. 2022లో పాస్‌వర్డులు దాచే లాస్ట్‌పాస్ కంపెనీకి జరిగిన నష్టంలో ఒక దారి, దాని ఇంజినీరు ఇంటి కంప్యూటరులో ఉన్న పాత వినోద సాఫ్ట్‌వేర్ మీదుగానే పడింది. ఇంట్లో పనిచేసేవాళ్లు ఆటకూ ఆఫీసుకూ ఒకే కంప్యూటరు వాడక తప్పని పరిస్థితి ఉంటే, ఆ సంగతి ఆఫీసుకు చెప్పి వేరే మిషన్ అడగండి. ఫైలు పంపిన స్నేహితుడికి ఫోన్ చేసి గొంతు విన్నాకే దాన్ని తెరవండి.

డిస్కార్డ్, స్టీమ్ మీరు ఏ ఆట ఆడుతున్నారో మీ స్నేహితుల జాబితాకు చూపిస్తాయి. మధ్యాహ్నం మూడింటికి, మీటింగులో ఉండాల్సిన టైంలో, మీ పేరు కింద ఆట పేరు కనిపిస్తే చెప్పుకోవడం కష్టం. సెట్టింగుల్లో ఆ సదుపాయం ఆపేయొచ్చు. మీటింగులో స్క్రీన్ షేర్ చేసేటప్పుడు మొత్తం స్క్రీన్ కాకుండా అవసరమైన విండో ఒక్కటే షేర్ చేయండి. క్లయింటు ముందు "రేయ్ పండుగాడా లేచావా" అన్న నోటిఫికేషన్ పైకి తేలకుండా ఉంటుంది.

మైకు అలవాటు కూడా మార్చుకోవాలి. డిస్కార్డ్‌లో మీట నొక్కి పట్టుకుంటేనే మాట వెళ్లే పద్ధతి ఉంది, ఇంట్లోంచి పనిచేసేవాళ్లు అదే పెట్టుకోవాలి. వాయిస్ చానెల్ తెరిచే ఉంచి పక్కన ఆఫీసు ఫోన్ ఎత్తితే, ప్రొడక్షన్‌లో ఏం పగిలిందో స్క్వాడ్ మొత్తం వింటుంది. దారినపోయే ఆటగాళ్లతో ర్యాండమ్ స్క్వాడ్‌లో ఆడుతుంటే ఇంకా జాగ్రత్త. వెనక నుంచి పిల్లలు బడి పేరు, అమ్మ నాన్నను పిలిచే పేరు అన్నీ అరిచి చెప్పేస్తుంటారు.

డబ్బు దగ్గర

ఇది త్వరగా చెప్పేస్తాను. బీజీఎంఐలో కొనుగోళ్లకు వాడే యూసీ ఉచితంగా ఇస్తామనే లింకు ఏదైనా మోసమే. ఖాతా అమ్ముతాం, కొంటాం అనేవాళ్లూ అంతే. నెలకింత అని ఆటకు ఒక మొత్తం అనుకుని, అది అయిపోతే ఆ నెలకు స్కిన్ల మాట మరిచిపోండి. జీతం పడే ఖాతాకు గేమ్ స్టోర్ ఆటోపే తగిలించకండి. గ్రూపులో "పేకాట యాప్ లింకు" పెట్టేవాళ్లను ఆపండి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. ఈ-స్పోర్ట్స్‌ను, మామూలు సరదా ఆటలను ఆ చట్టం ప్రోత్సహిస్తుంది. డబ్బు ఆటలు నడిపేవాళ్లకు, వాటికి ప్రచారం చేసేవాళ్లకు జైలు, జరిమానా పెట్టింది. మోసపోతే సిగ్గుపడి ఆలస్యం చేయకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

గ్రూపులో స్నేహితుడు అప్పు అడిగితే ముందు ఫోన్ చేసి అతనే అడిగాడో లేదో తేల్చుకోండి. ఇస్తే తిరిగి రాకపోయినా స్నేహం చెడనంత ఇవ్వండి.

నోరు

ఓడిపోతున్నప్పుడు వచ్చే తిట్లు ఆటలోనే ఆగవు. రోజూ రెండు గంటలు ఆ భాష మాట్లాడిన నోటికి మర్నాడు స్టాండప్ మీటింగులో జూనియరు తప్పు చేస్తే అదే మాట వస్తుంది. గ్రూపులో అమ్మాయిలుంటే, లేదా ర్యాండమ్ స్క్వాడ్‌లో ఆడగొంతు వినిపిస్తే, వెకిలి మాటలు మొదలవడం నేను చాలాసార్లు విన్నాను. చాలామంది ఆడవాళ్లు ఆ భయంతోనే మైకు కట్టేసి ఆడతారు. పగలంతా ఉద్యోగం చేసి రాత్రి గంటసేపు ఆడుకుందామని వచ్చిన మనిషికి ఆ హక్కు కూడా లేకుండా చేయడం ఘోరం. ఆ క్షణంలో స్క్వాడ్‌లో మీరుంటే "ఆపు, ఆడు" అని రెండు మాటలు అనండి. ఒక మగవాడు అన్నా చాలాసార్లు అక్కడితో ఆగిపోతుంది. సహోద్యోగులతో ఉన్న గ్రూపులో అలాంటి మాటలు వస్తే, పనిచేసే చోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం కింద ఆఫీసులో ఉండే అంతర్గత కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. ఆ మెసేజులు దాచి ఉంచుకోండి.

గ్రూపు చేసే మేలు

ఏడాదిగా రోజూ మాట్లాడుకునే పదిమందిలో ఎవరో ఒకరి కంపెనీలో ఖాళీ ఉంటుంది. అడగడానికి మొహమాటపడొద్దు. అయితే ఆట మధ్యలో "ఏదైనా ఉంటే చూడు మామా" అంటే మ్యాచ్ అయ్యేసరికి గాలికిపోతుంది. పగటిపూట విడిగా మెసేజు పెట్టండి. ఏం పని చేయగలరో, ఎన్నేళ్ల అనుభవమో, ఏ ఊరైతే కుదురుతుందో, నోటీస్ పీరియడ్ ఎంతో నాలుగు వాక్యాల్లో రాసి, రెజ్యూమె జతచేసి పంపండి. ఎదుటివాడు దాన్ని అలాగే తన హెచ్‌ఆర్‌కు పంపగలిగేలా ఉండాలి. ఇంటర్వ్యూలో పోయినా అతనికి ఒక మాట చెప్పండి, లేకపోతే ఇంకోసారి రిఫర్ చేయడానికి వెనకాడతాడు.

రెండు మూడు వందల మంది ఉన్న సర్వరును ఏళ్లుగా నడుపుతున్నవాళ్లు ఆ పనిని తక్కువగా చూసుకోకండి. నియమాలు రాయడం, తగాదాలు తీర్చడం, టోర్నమెంటు పెట్టడం, గోల చేసేవాళ్లను మర్యాదగా బయటికి పంపడం కంపెనీలు జీతమిచ్చి చేయించే పనే. కమ్యూనిటీ మేనేజర్ అన్న కొలువుకు అడిగేది ఇదే అనుభవం. రెజ్యూమెలో "గేమింగ్ ఇష్టం" అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. ఎంతమంది ఉన్న గ్రూపు, ఎన్నాళ్లు నడిపారు, నెలకు ఎన్ని పోటీలు పెట్టారు, ఏ తగాదాను ఎలా తీర్చారు అని రాయండి. కస్టమర్ సపోర్ట్ ఉద్యోగాలకూ పనికొస్తుంది.

ఎవరైనా కనిపించకపోతే

రోజూ వచ్చే మనిషి వారం రాకపోతే "ఎక్కడ చచ్చావురా" అని గ్రూపులో అడగడం మామూలే. అది అడిగినట్టు కాదు. విడిగా ఫోన్ చేయండి. ఉద్యోగం పోయినవాళ్లు మొదట గ్రూపులోనే మౌనమవుతారు. అందరూ జీతాల మాట, బండ్ల మాట మాట్లాడే చోట కూర్చోవాలనిపించదు. దీనికి పూర్తిగా ఎదురైన మనిషి కూడా ఉంటాడు. ఉద్యోగం పోయి, లేదా పోతుందన్న భయంతో, రాత్రంతా ఆన్‌లైన్‌లోనే ఉండిపోయేవాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆటల వ్యసనాన్ని తన వ్యాధుల జాబితాలో చేర్చింది. ఆ జాబితా 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. ఎన్ని గంటలు ఆడుతున్నారన్నది అందులో గీటురాయి కాదు. ఆటను ఆపుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా ఆటే ముందుకు రావడం, నష్టం కళ్లకు కనిపిస్తున్నా కొనసాగించడం, దానివల్ల ఇల్లు, ఉద్యోగం దెబ్బతినడం, ఇదంతా సాధారణంగా ఏడాదిపాటు ఉండడం. అలాంటి స్నేహితుడిని లాబీకి పిలవకండి, టీకి పిలవండి. దూరంలో ఉంటే వీడియో కాల్ చేయండి. టెలీ మానస్ ఉచిత నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు. నంబరు పంపి ఊరుకోకుండా, మొదటి కాల్ చేసేటప్పుడు పక్కన ఉండండి.

పెళ్లి పనులో, ప్రాజెక్టు డెడ్‌లైనో, పిల్లాడు పుట్టడమో, ఏ కారణంతోనైనా నెలలపాటు గ్రూపుకు దూరమై, ఇప్పుడు వెళ్తే ఏమనుకుంటారోనని వెనకాడుతున్నవాళ్లు చాలామంది ఉన్నారు. సంజాయిషీ రాయొద్దు, క్షమాపణల పేరా అసలే వద్దు. శుక్రవారం సాయంత్రం ఏడింటికి "ఈ రాత్రి పదింటికి ఒక స్లాట్ ఉందా? పదకొండున్నర దాకా ఉంటా" అని ఒక్క మెసేజు పెట్టండి. ఆట అప్‌డేట్ పెద్దదే ఉంటుంది, అది మాత్రం పొద్దున్నే ఆఫీసుకెళ్లే ముందే వేసుకోండి.